చుబుకం మీద వేలు

మా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మాస్టారి తల ఎప్పుడూ ఎడమ భుజం వైపుకు తిరిగి ఉండేది. నల్లబల్ల మీద రాస్తున్నంతసేపూ తెలిసేది కాదు గాని, మావైపు తిరిగి పద్యం అందుకోగానే, ఎవరో కనబడని మనిషి చెవి పట్టుకొని తిప్పుతున్నట్టు, తల మెల్లగా కిటికీ వైపుకు పోయేది. అప్పుడాయన చూపుడువేలు ఎత్తి గడ్డానికి ఆనించేవారు. నెట్టేవారు కారు; ఆనించేవారు, అంతే. తల వచ్చి నడిమధ్యన నిలిచేది. వేలు తీస్తే మళ్ళీ కిటికీ.

పదమూడేళ్ళ వయసులో నాకు తర్కమంటే మహా మోజు. "నిజంగా జబ్బే అయితే ఒక్క వేలికి లొంగుతుందా? లొంగుతోందంటే అది జబ్బు కాదు, వేషం" అని నేనొక సిద్ధాంతం చేశాను. తరగతి యావత్తూ ఒప్పుకుంది. ఆయన ఇంకా రాని ఒక పూట, బల్లెక్కి ఆయనలాగే తల తిప్పి, గడ్డం మీద వేలు పెట్టి, పద్యం చదివి చూపించినవాణ్ణి కూడా నేనే. అందరూ ఒక్కసారిగా నవ్వు ఆపేస్తే తిరిగి చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. వేలు గడ్డానికి ఆనించుకొని లోపలికి వచ్చి, నేను ఆపిన పాదం దగ్గర నుంచి పద్యం పూర్తి చేశారు.

చాలా ఏళ్ళ తరువాత, మరేదో వెతుకుతూ వైద్యచరిత్రలోకి దారి తప్పినప్పుడు ఒక సంగతి తెలిసింది. నా సిద్ధాంతం నాది కాదు. నాకంటే ముందే పారిస్ మహానగరంలో ఉద్దండులైన వైద్యులు సరిగ్గా అదే మాట అచ్చువేసి, దానికొక పేరు కూడా పెట్టారు. ఆ మాట సుమారు ఎనభై ఏళ్ళపాటు రోగుల మెడల మీద కూర్చుంది. ఆ కథ చెప్పాలనే ఈ వ్యాసం.

*

ముందుగా జబ్బు సంగతి. దీన్ని వైద్యులు ఇప్పుడు సర్వైకల్ డిస్టోనియా అంటున్నారు. పాత పేరు స్పాస్మాడిక్ టార్టికాలిస్. లాటిన్ భాషలో టోర్టుస్ అంటే మెలి తిరిగినది, కొల్లుమ్ అంటే మెడ. మెడ కండరాలకు మెదడు పంపే ఆజ్ఞలు గతి తప్పుతాయి. ఒకటి బిగిసినప్పుడు సడలవలసిన మరొక కండరం తానూ బిగుస్తుంది. పని లేని కండరం పనిలో చొరబడుతుంది. ఫలితంగా మనిషి ప్రమేయం లేకుండానే తల ఒక దిక్కుకు లాగబడుతుంది. ఎక్కువగా నడివయసులో మొదలవుతుంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. బుద్ధికి ఏ లోపమూ రాదు. నిద్రలో చాలామందికి సద్దుమణుగుతుంది. నలుగురిలో నిలబడి మాట్లాడవలసి వచ్చినప్పుడు, అలసినప్పుడు, నడుస్తున్నప్పుడు ఎక్కువవుతుంది.

నిద్ర లేచేసరికి పట్టేసే మెడపట్టు ఇది కాదు. అది నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. మన ఆయుర్వేద గ్రంథాల్లో వాతవ్యాధుల మధ్య మన్యాస్తంభమని ఒకటి కనబడుతుంది. దీన్నీ దాన్నీ ఒకటిగా చెప్పాలన్న ఉత్సాహం నాకూ కలిగింది గాని, పేరులోనే తేడా ఉంది. స్తంభించడమంటే కదలకుండా నిలిచిపోవడం. అది కదలని మెడ. ఇది నిలవని మెడ.

అన్నట్టు, మెడ కదలికలకు పేర్లు పెట్టడంలో మనవారికి సాటి లేరు. నందికేశ్వరుని అభినయదర్పణం నాలుగు గ్రీవాభేదాలు చెబుతుంది: సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత. తొమ్మిది శిరోభేదాలు చెబుతుంది. పైకెత్తితే ఉద్వాహితం, కిందికి దించితే అధోముఖం, పక్కకు తిప్పితే పరావృత్తం. కూచిపూడి పిల్లలు వీటిని శ్లోకాలుగా వల్లె వేస్తారు. అవన్నీ మనసు ఆజ్ఞాపిస్తే మెడ పాటించే కదలికలు. ఈ జబ్బులో ఇంచుమించు అవే భంగిమలు, ఆజ్ఞ లేకుండా వస్తాయి. తల పక్కకు తిరిగిపోతే టార్టికాలిస్, చెవి భుజం మీదికి ఒరిగితే లాటరోకాలిస్, గడ్డం గుండెల మీదికి దిగితే యాంటీరోకాలిస్, ముఖం ఆకాశానికి లేస్తే రెట్రోకాలిస్. వీటికి తోడు వణుకు. పేరు ఒక్కటే గాని, ఏ ఇద్దరు రోగుల మెడా ఒక్కలా ఉండదు. ఈ తేడాలే మన కథకు ప్రాణం.

*

వంకర మెడకు లోకం ఇచ్చిన అర్థాలు విచిత్రంగా ఉంటాయి. అలెగ్జాండరు మెడ కాస్త ఎడమవైపుకు వాలి ఉండేదని ప్లూటార్కు రాశాడు. లిసిప్పస్ అనే శిల్పి ఒక్కడే ఆ వాలునూ ఆ చూపులోని తడినీ సరిగా పట్టగలిగాడనీ, ఆయన అనుచరులూ వారసులూ ఎందరో ఆ వాలును అనుకరించాలని చూశారనీ కూడా చెప్పాడు. రాజు మెడ వంకరైతే అది ఠీవి, పంతులు మెడ వంకరైతే అది వేడుక. ఇద్దరినీ అనుకరించేవారున్నారు. కారణాలే వేరు.

అలెగ్జాండరుకు ఏ జబ్బు ఉండేదోనని ఆధునిక వైద్యులు చాలా ఊహలు చేశారు. కంటిని తిప్పే కండరం బలహీనమై, వస్తువులు రెండుగా కనబడకుండా ఉండడానికి తల వాల్చి ఉండవచ్చునన్నారు కొందరు. పుట్టుకతోనే మెడ కండరం గిడసబారి ఉండవచ్చునన్నారు మరికొందరు. రాతి బొమ్మకు వైద్యపరీక్ష చేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ ఊహల జాబితా మనకొక పాఠం చెబుతుంది. పైకి ఒకేలా కనిపించే వంకరకు కన్ను కారణం కావచ్చు, ఎముక కావచ్చు, కండరం కావచ్చు, మెదడు కావచ్చు.

డాంటే తన నరకవర్ణనలో, ఇరవయ్యో సర్గలో, భవిష్యత్తు చెబుతామని గర్వించిన జోస్యులకు మెడలు పూర్తిగా వెనక్కి తిప్పి శిక్ష వేశాడు. ముందు చూడాలనుకున్నవారు ఎప్పటికీ వెనకకే చూస్తూ నడవాలి. గొప్ప ఊహే, కాదనను. కాని మెలి తిరిగిన మెడ అంటే ఏదో పాపానికి ఫలమన్న భావం ఎంత పాతదో కూడా అందులో తెలుస్తుంది. మన ఊళ్ళలో "ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అన్న మాట వినని రోగి ఉండడు.

వైద్యుల రాతల్లో 17వ శతాబ్దంలో ఒక స్పష్టమైన ఘట్టం కనబడుతుంది. రెంబ్రాంట్ 1632లో గీసిన శవపరీక్ష చిత్రం చాలామంది చూసే ఉంటారు. అందులో పట్టకారుతో కండరాన్ని ఎత్తి చూపుతున్న వైద్యుడు నికొలాస్ టుల్ప్. ఆయన 1641లో అచ్చువేసిన వైద్యపరిశీలనల గ్రంథంలో తల ఒక పక్కకు వంగిపోయిన ఒక బాలుడి కథ ఉంది. మినియస్ అనే శస్త్రవైద్యుడు మెడలో బిగిసిన కండరాన్ని కోసి ఆ తలను నిలబెట్టాడు. ఈనాటి కళ్ళతో చదివితే అది బహుశా పిల్లల్లో మెడ కండరం గట్టిపడిపోయే స్థితి అనిపిస్తుంది. మా మాస్టారి జబ్బు వేరు. కండరం కోస్తే ఆ బాలుడికి నయమైంది. అదే కోత మెదడులో పుట్టే వంకర మీద పడితే, మిగిలిన కండరాలు ఆ పని అందుకొని తలను మళ్ళీ తిప్పేస్తాయి. తేడా తెలియనంత కాలం ఒకరికి వచ్చిన గుణం మరొకరికి ఆశ చూపి మోసం చేసింది.

*

ఇక పారిస్ సంగతి. 19వ శతాబ్దం చివర నాడీవైద్యానికి రాజధాని అది. షార్కో మహాశయుడు 1893లో పోయాడు. ఆయన శిష్యపరంపరలో ఎదూవార్ బ్రిస్సో అనే వైద్యుడు, మెడ తిరిగిపోయే రోగులు కొందరిని పరిశీలించి, ఒక వింత గమనించాడు. ఎంత బలవంతుడు పట్టుకొని తిప్పినా కదలని తల, రోగి స్వయంగా చుబుకానికి ఒక్క వేలు తాకిస్తే చాలు, వచ్చి నిలుస్తోంది. పరిశీలన అక్షరాలా నిజం. అటు తరువాత ఆయన తీసిన నిర్ణయం చూడండి. ఆ వేలికి అంత బలం లేదు. కాబట్టి తలను నిలిపినది వేలు కాదు, నమ్మకం. నమ్మకానికి లొంగేది మనసు జబ్బు. కాబట్టి ఇది మానసిక టార్టికాలిస్.

ఆంరీ మేజ్, ఫైండెల్ అనే ఇద్దరు 1902లో ఈక్ష్వేళనాల వంటి అసంకల్పిత చేష్టలన్నిటి మీదా ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. అందులో ఈ మానసిక టార్టికాలిస్‌కు పెద్దపీట. ఇటువంటి రోగులకు సంకల్పబలం తక్కువనీ, వయసు వచ్చినా మనసు బాల్యంలోనే ఉండిపోయిందనీ వారు తేల్చారు. చికిత్స ఏమిటంటే అద్దం ముందు నిలబడి, క్షణాలు లెక్కపెడుతూ, కదలకుండా ఉండే అభ్యాసం. అదుపులేని పిల్లవాడిని బడిలో కూర్చోబెట్టినట్టు.

అయితే ఆ గ్రంథం మొదలయ్యేది వైద్యుల మాటలతో కాదు. "ఓ" అనే ఒక్క అక్షరంతో మాత్రమే తెలిసిన ఒక రోగి ఆత్మకథనంతో. తన చేష్టలు ఎలా పుడతాయో, వాటిని ఆపడానికి ఏయే ఉపాయాలు కనిపెట్టాడో, ఆపినందుకు లోపల ఎంత యాతన పడతాడో ఆ మనిషి ఓపికగా చెప్పుకున్నాడు. వైద్యులు అతని మాటను శ్రద్ధగా రాసుకున్నారు. రాసుకొని, అతని మీదే సాక్ష్యంగా వాడారు. చరిత్రలో ఇటువంటి వ్యంగ్యాలు తక్కువేమీ కాదు.

అందరూ ఒప్పుకున్నారని కాదు. బోర్డో నగరానికి చెందిన రెనె క్రుషె 1907లో ఒక్క టార్టికాలిస్ మీదనే ఒక బృహద్గ్రంథం రాశాడు. వందల కొద్దీ రోగుల వివరాలు పోగుచేసి, ఇది ఒకే జబ్బు కాదనీ, రకరకాల మెడలను రకరకాలుగా చూడాలనీ విభజించి చూపాడు. విభజనలో పొరపాట్లు ఉండవచ్చు గాని, రోగికీ రోగికీ ఉన్న తేడాను గౌరవించాలన్న బుద్ధి ఆయనది.

అదే 1907లో మేజ్, ఫైండెల్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన యువవైద్యుడి పేరు కినియర్ విల్సన్. ఇతడే అయిదేళ్ళ తరువాత, 1912లో, కాలేయంతో పాటు మెదడు అడుగునున్న లెంటిక్యులర్ కేంద్రం చెడిపోయే ఒక జబ్బును వర్ణించాడు. ఆ జబ్బు ఈనాటికీ విల్సన్ పేరుతోనే ఉంది. ఆ రోగుల్లో వణుకులు, బిగుతులు, మెలికలు కనబడ్డాయి. అంటే మెదడు లోతున ఒక ముద్ద దెబ్బతింటే చాలు, సంకల్పం చెక్కుచెదరకుండా ఉన్నా శరీరం మెలి తిరగగలదన్నమాట. మనసే కారణమన్న పుస్తకాన్ని ఏ చేయి అనువదించిందో, ఆ చేయే ఆ వాదానికి మొదటి గొడ్డలిపెట్టు వేసింది.

జర్మనీలోనూ ఇటువంటి మలుపే. 1908లో ష్వాల్బె అనే విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో, ఒకే కుటుంబంలో శరీరం మెలి తిరిగిపోయే ముగ్గురు తోబుట్టువులను వర్ణించి, హిస్టీరియా లక్షణాలుగా భావించాడు. 1911లో హెర్మన్ ఓపెన్‌హైమ్ అటువంటి రోగులనే చూసి, ఇది హిస్టీరియా కాదు, కండరాల బిగువు గతి తప్పే నాడీవ్యాధి అని వాదించి, డిస్టోనియా అనే మాటను సృష్టించాడు. తరువాత 1917 నుంచి దశాబ్దం పాటు యూరపునూ అమెరికానూ పీడించిన నిద్రాజ్వరం, అంటే ఎన్సెఫలైటిస్ లెథార్జికా, ఎందరికో రకరకాల కదలికల జబ్బులు మిగిల్చి వెళ్ళింది. వారిలో మెడ తిరిగినవారూ ఉన్నారు. జ్వరానికి ముందు లేని మనోదౌర్బల్యం జ్వరం తరువాత ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు పాతవాదుల దగ్గర తృప్తికరమైన సమాధానం లేదు.

*

ఇంత జరిగినా మెడ రోగి కథ మారలేదు. డిస్టోనియా అంటే పిల్లల్లో మొదలై ఒళ్ళంతా పాకే అరుదైన జబ్బని ఒప్పుకున్నారు. నడివయసులో మెడ ఒక్కటే తిరిగితే మాత్రం అది మనసే అన్నారు. మనోవిశ్లేషణ ప్రాబల్యంలో ఉన్న దశాబ్దాల్లో కొందరు ఇంకొక అడుగు వేశారు. రోగి దేని నుంచో ముఖం తిప్పుకుంటున్నాడు, ఆ "దేని"ని పట్టుకుంటే మెడ నిలుస్తుంది! మన భాషలో ముఖం తిప్పుకోవడమంటే అలక, తిరస్కారం. ఆ నుడికారమే అక్కడ రోగనిర్ణయమై కూర్చుంది. పాపం ఆ మనిషి ముఖం తిప్పుకోలేదు. మీవైపు తిప్పాలని నిమిషనిమిషమూ పోరాడుతున్నాడు.

మరోవైపు కత్తి. 1891లో అమెరికా వైద్యుడు విలియం కీన్ మెడ వెనుక కండరాలకు పోయే నాడులను కోసే శస్త్రచికిత్స ప్రకటించాడు. 1924లో టొరంటోలో కెనెత్ మకెంజీ వెన్నుపాము దగ్గరే నాడీమూలాలను కోశాడు. తరువాత ఫోర్‌స్టర్, డాండీ వంటివారు ఆ పద్ధతిని విస్తరించారు. కొందరికి మేలు జరిగింది. కొందరికి తల తిరగడం ఆగింది గాని, తలను నిలిపే బలమూ పోయింది, మింగడం కష్టమైంది. రోగి ముందున్న దారులు రెండు: ఒకచోట నీ మనసు బాగులేదంటారు, మరోచోట నీ నాడులు కోస్తామంటారు.

ఈ ముడి విప్పినవారిలో ముఖ్యుడు లండనుకు చెందిన డేవిడ్ మార్స్‌డెన్. కనురెప్పలు బలవంతంగా మూసుకుపోవడం, దవడ వంకరపోవడం, కలం పట్టగానే చేయి బిగుసుకుపోయే రాతగాళ్ళ పట్టు, మెడ తిరగడం - వేర్వేరు గదుల్లో వేర్వేరు పేర్లతో పడి ఉన్న వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఇవన్నీ డిస్టోనియా అనే ఒకే కుటుంబానికి చెందినవని ఆయన 1976లో వెలువడిన వ్యాసంలో వాదించాడు. ఒకే మనిషిలో రెండు కలిసి రావడం, ఒకే కుటుంబంలో ఒకరికి ఇది మరొకరికి అది ఉండడం ఆయనకు తోడ్పడ్డాయి. మెడ రోగి అప్పటికి నాడీవైద్యుడి గడపలో అడుగుపెట్టాడు.

మరి ఆ మనసు మాటేమిటి? దాన్నీ పరీక్షించారు. 1971లో కాక్‌బర్న్ అనే వైద్యుడు టార్టికాలిస్ రోగులనూ ఇతరులనూ పోల్చి చూసి, మనస్తత్వంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నాడు. 1988లో మర్జాన్ జహాన్‌షాహి, మార్స్‌డెన్ కలిసి, మెడ ఎముకల అరుగుదలతో బాధపడేవారితో పోల్చి చూశారు. స్వభావంలో తేడా లేదు. దిగులు మాత్రం మెడ తిరిగినవారిలో ఎక్కువ. తరువాత 1992లో వారే మరొకటి చూపించారు: మెడకు చికిత్స చేసి తల కుదుటపడితే, దిగులూ తగ్గింది. దిగులు వల్ల మెడ తిరగలేదు. మెడ తిరిగినందుకు దిగులు. ఎద్దుకు ముందు బండి కట్టి ఎనభై ఏళ్ళు తోలారన్నమాట.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మనసుతో ముడిపడిన కదలికల జబ్బులూ ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఫంక్షనల్ అంటున్నారు. అవి కూడా నటన కావు. ఆ రోగుల బాధా నిజమైనదే. తప్పు మనసు అన్న మాటలో లేదు. మనసు అన్న మాటతో రోగిని అబద్ధాలకోరును చేయడంలో ఉంది.

*

రోగుల మధ్య తేడాలను ఓపికగా లెక్కపెట్టే పని 1980ల చివర ఊపందుకుంది. 1991లో రెండు పెద్ద పరిశీలనలు వెలువడ్డాయి. న్యూయార్కులో చాన్, బ్రిన్, ఫాన్ 266 మందినీ, హ్యూస్టన్‌లో యాన్‌కొవిక్ బృందం 300 మందినీ చూశారు. హ్యూస్టన్ లెక్కలో తల తిరగడం 82 శాతం మందిలో, ఒరగడం 42 శాతంలో, వెనక్కి వాలడం 29 శాతంలో, ముందుకు వంగడం 25 శాతంలో ఉన్నాయి. కలిపి చూస్తే నూరు దాటిపోతోంది కదా! ఎందుకంటే మూడింట రెండు వంతుల మందిలో ఒకటికి మించిన వంకరలు కలిసి ఉన్నాయి. పుస్తకంలోని నాలుగు బొమ్మలకు సరిగ్గా సరిపోయే మెడలు లోకంలో తక్కువ.

నన్ను నిలదీసిన అంకె వేరే ఉంది. న్యూయార్కు లెక్కలో నూటికి 75 మందికి నొప్పి. మిగతా చాలా డిస్టోనియాల్లో నొప్పి అంత ప్రధానం కాదు. మెడకు వచ్చినప్పుడు మాత్రం అదే కొందరికి అసలు బాధ. చూసేవారికి వంకర కనబడుతుంది, వణుకు కనబడుతుంది, నొప్పి కనబడదు. మా మాస్టారు సాయంత్రం అయ్యేసరికి తువ్వాలు మెడకు బిగించి చుట్టుకొని కూర్చునేవారు. మేము దాన్ని కూడా వేషంలో భాగమనే అనుకున్నాం.

తేడాలు ఇంకా ఉన్నాయి. కొందరికి తల స్థిరంగా ఒక దిక్కుకు లాగుతుంది. కొందరికి తల వణుకుతూ, ఒకానొక కోణంలో పెడితే మాత్రం నిలకడ దొరుకుతుంది. కొందరికి పొద్దున్న లేచిన కాసేపు హాయి. పదిమందిలో ఒకరికో ఇద్దరికో మొదటి కొన్నేళ్ళలో జబ్బు దానంతటదే తగ్గుతుంది, కాని చాలామందిలో మళ్ళీ వస్తుంది. ఆ తగ్గిన కాలంలో ఏ స్వామి విభూతి ఇచ్చి ఉంటే ఆ స్వామికి పేరు! కొందరిలో మనోవ్యాధులకు వాడిన మందులే ఈ వంకరను తెస్తాయి. అటువంటివారిలో తల వెనక్కి వాలడం ఎక్కువగా కనబడుతుంది. కొన్ని కుటుంబాల్లో జన్యువులు కారణం. 2013లో ఒక అంతర్జాతీయ వైద్యబృందం ఈ తేడాలన్నిటినీ రెండు వరుసల్లో పేర్చింది. మొదటి వరుస రోగిలో కనబడేది: ఏ వయసులో మొదలైంది, ఎక్కడ ఉంది, ఎలా నడుస్తోంది, తోడుగా ఏముంది. రెండో వరుస కారణం. కనబడేదాన్ని ముందు శ్రద్ధగా చూడు, కారణం తరువాత చెప్పు అన్న నీతి అందులో ఉంది. పారిస్‌లో జరిగినది దీనికి సరిగ్గా తలకిందులు.

*

చికిత్స కథలో మన బోటి సాహిత్యప్రియులకు ఒక ముచ్చట ఉంది. 1820ల నాటి జర్మను కవి, వైద్యుడు యుస్టినుస్ కెర్నర్, చెడిపోయిన సాసేజీలు తిని జనం చచ్చిపోతుంటే ఆ విషం మీద పరిశోధించాడు. తన మీద తానే ప్రయోగించుకున్నాడు కూడా. నాడి నుంచి కండరానికి పోయే ఆజ్ఞను ఆ విషం తెంపుతోందని గ్రహించి, అతిగా కదిలే జబ్బులకు ఇదే ఏదో ఒకనాడు మందు కావచ్చునని ఊహించాడు. కవి ఊహ నిజమవడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియల విందులో పంది మాంసం తిన్నవారు పడిపోతే, వాన్ ఎర్మెంగెమ్ దానికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు అలన్ స్కాట్ ఆ విషాన్ని అణుమాత్రంగా ఎక్కించి మెల్లకన్ను సరిచేసిన ఫలితాలు ప్రకటించాడు. 1985, 86లలో వాంకూవర్‌లో త్సుయీ బృందం మెడకు వాడి చూసింది. 2000 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది.

ఇక్కడే రోగుల మధ్య తేడా గ్రంథస్థ విషయంగా కాక బతుకు ప్రశ్నగా మారుతుంది. తల కుడికి తిరిగితే ఎడమవైపు ముందున్న స్టెర్నోక్లీడోమాస్టాయిడ్, కుడివైపు వెనకనున్న స్ప్లీనియస్ సాధారణంగా దోషులు. కాని అదే కుడి తిరుగుడులో కాస్త ఒరగడం కలిస్తే లెక్క మారుతుంది. మెడ తిరిగిందా, మెడ మీద తల తిరిగిందా అని కూడా చూడాలని 2000ల చివర జర్మనీలో గేర్హార్డ్ రైకెల్ వాదించాడు. రెండిటికీ కండరాలు వేరు. సూది తప్పుడు కండరంలో పడితే విషం విషమే. సరైన చోట పడినా గుణం సుమారు మూడు నెలలు. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ డబ్బు కట్టాలి. సూదికి లొంగనివారికి మెదడు లోతున తీగలు అమర్చి విద్యుత్తు పంపే శస్త్రచికిత్స 1990ల చివర నుంచి ఉంది. మన దేశంలో సామాన్యుడికి ఈ రెండూ భారమే.

*

ఇక ఆ వేలు.

దాన్ని ఇప్పుడు సెన్సరీ ట్రిక్ అంటున్నారు. మనం స్పర్శోపాయం అనుకోవచ్చు. ఈ రోగుల్లో చాలామందికి అటువంటి ఉపాయం ఏదో ఒకటి ఉంటుంది. ఒకరికి చుబుకం, ఒకరికి చెంప, ఒకరికి తల వెనుక భాగం, ఒకరికి గోడకు ఆనుకోవడం. ఎవరిది వారే కనిపెట్టుకుంటారు, ఎవరూ నేర్పరు. కండరాల్లోని విద్యుత్తును కొలిచి చూస్తే, కొందరిలో వేలు చుబుకాన్ని తాకకముందే, చేయి లేస్తుండగానే, బిగువు సడలడం మొదలవుతోంది. కొందరిలో తాకినట్టు ఊహించుకున్నా కొంత ఫలితం ఉంటోంది. బ్రిస్సో గమనించినది నూటికి నూరుపాళ్ళూ నిజం: తలను నిలుపుతున్నది వేలి బలం కాదు. ఆయన తప్పంతా తరువాతి అడుగులో ఉంది. శరీరం తానెక్కడ ఉన్నదో మెదడుకు నిరంతరం చెప్పుకునే వార్తలో ఏదో తేడా వచ్చింది. స్పర్శ ఒక కొత్త వార్త పంపి ఆ తేడాను క్షణకాలం సర్దుతోంది. ఇది ఇంకా పూర్తిగా తేలిన విషయం కాదు గాని, ఇందులో నటనకు చోటు లేదు.

పైపెచ్చు, ఏ వేలు రోగిని దోషిగా నిలబెట్టిందో, ఆ వేలే ఈనాడు అతని సాక్షి. తల తిరిగిన రోగి చుబుకానికి వేలు ఆనించగానే అది నిలిస్తే, వైద్యుడు దాన్ని డిస్టోనియాకు బలమైన గుర్తుగా తీసుకుంటాడు. 1990ల తొలినాళ్ళలో టొరంటోలో తయారైన కొలమానంలో ఈ స్పర్శోపాయానికి ఒక పద్దు ఉంది. తీవ్రత ఎంత, పనులకు అడ్డం ఎంత, నొప్పి ఎంత అని అందులో మూడు భాగాలు. చివరి రెండూ రోగి చెబితే వైద్యుడు రాసుకోవలసినవి. "ఓ" అనే ఆ అజ్ఞాత వ్యక్తి మాటకు తొంభై ఏళ్ళ తరువాత విలువ కట్టారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన ఏ పెద్దాసుపత్రికీ వెళ్ళినట్టు నాకు తెలియదు. వెళ్ళి ఉన్నా ఆ రోజుల్లో ఆయనకు ఏం చెప్పి ఉండేవారో పై కథ చదివినవారు ఊహించగలరు. పదమూడేళ్ళ పిల్లవాడు తర్కం తప్పితే ఒక పంతులు మనసు నొచ్చుకుంటుంది. గొప్ప వైద్యుడు తర్కం తప్పితే నాలుగు తరాల రోగులు నొచ్చుకుంటారు. తప్పు మాత్రం ఒక్కటే. కళ్ళతో చూసినది సరిగా చూసి, దానికి అర్థం మాత్రం ఎదుటి మనిషిని అడగకుండా చెప్పేయడం.

ఈ జబ్బుకు తెలుగులో ఒక మంచి మాట కావాలి. మెడ వంకర అనడానికి మనసొప్పడం లేదు; మెడతిప్పు అందామంటే అందులో తిప్పుతున్నది మనిషే అన్న ధ్వని ఉంది. తిప్పడానికీ తిరగడానికీ మధ్య ఉన్న ఆ ఒక్క భేదం కోసమే కదా ఇంత చరిత్ర నడిచింది! మీ ప్రాంతంలో, మీ పెద్దల నోట, రోగిని నిందించని మాట ఏదైనా విని ఉంటే తెలియజేయగలరు.